పక్క మంచం ఏడుపు

దేవకుమారికి కోపం వస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. అద్దంకి దగ్గర మిరప కల్లంలోంచి ఉన్నపళంగా గుంటూరు ఆసుపత్రికి వచ్చిన దగ్గర్నుంచీ కూతురి మీద విరుచుకుపడుతూనే ఉంది. కూతురు మహిమకు నెలలు నిండకుండానే మగబిడ్డ పుట్టాడు. పిడికెడు ప్రాణం. కింది అంతస్తులో అద్దాల పెట్టెలో పెట్టారు. చప్పరించే ఓపిక కూడా లేదు వాడికి, గొట్టంతోనే పట్టాలి. తల్లిపాలు పడితేనే గట్టెక్కుతాడని డాక్టరమ్మ చెప్పింది. ఇక్కడేమో మహిమ రొమ్ములు రాయిలా బిగుసుకుపోయాయి, ఎంత పిండినా చుక్క రాలడం లేదు.

"తింటే కదే వచ్చేది. పాలు పడతాయని సొరచేప పుట్టు చేసి తెస్తే ముట్టుకోవు. అక్కడ బిడ్డ ఏమైపోతాడో అన్న ధ్యాసన్నా ఉందా నీకు?"

మహిమ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ ధ్యాస తప్ప ఇంకేం లేదు పాపం దానికి.

నర్సు హారిక వినీ వినీ విసిగిపోయింది. "పెద్దమ్మా, కాసేపు తిట్టడం ఆపండి. పాలు లోపల ఉన్నాయి, దిగట్లేదంతే. బిడ్డ నోరు పెట్టినా, ఏడుపు వినబడినా ఆ కబురు నరాల మీదుగా మెదడుకు పోద్ది. మెదడు కింద శనగ్గింజంత గ్రంథి ఉంటది. అది రక్తంలోకి హార్మోను వదిలితే అప్పుడు రొమ్ము తనంతట తనే పిండుకుంటది. మనిషి బెదిరిందా, అది కాస్తా ఆగిపోద్ది."

దేవకుమారికి ఇంటి దగ్గర గేదె గుర్తొచ్చింది. దూడ పొదుగులో పొడిస్తేగానీ చేపదు, పాలు దించదు. పక్కన కుక్క మొరిగితే చేపుకొచ్చిన పాలు కూడా ఎగచేపి పైకి లాగేసుకుంటుంది. గేదె దగ్గర గొంతు తగ్గించే తను, కన్నకూతురి దగ్గర కుక్కలా మొరిగింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. వెళ్ళి కూతురి తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది.

అంతలో పక్క మంచం మీది బాలింత షాజాదీ కొడుకు ఆకలికి లేచి గుక్కపెట్టాడు. షాజాదీది చిలకలూరిపేట, స్పిన్నింగు మిల్లులో పని.

"అమ్మా" అంది మహిమ ఉలిక్కిపడి. పాలతో నైటీ తడిసిపోతోంది.

హారిక గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. చుక్క, ఇంకో చుక్క. ఈలోగా షాజాదీ బిడ్డను రొమ్ముకు వేసుకుంది. ఏడుపు ఆగింది. ఇక్కడ చుక్కలూ ఆగాయి. షాజాదీ గిన్నె వంక చూసింది, మహిమ మొహం వంక చూసింది. చూసి, బిడ్డను రొమ్ము నుంచి తీసి మహిమకు ఎదురుగా పక్క మీద పడుకోబెట్టింది. వాడు కప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు.

"ఏడవనీ అక్కా, వీడికి తర్వాత పడతాలే. వీడు గట్టోడు."

పాలు ధార కట్టాయి.  కబురు ఎవరి బిడ్డ దగ్గర్నుంచి వచ్చిందని ఆ శనగ్గింజ అడగనే లేదు. యేసయ్యా, ఎంత పని పెట్టావయ్యా మా ఒంట్లో అనుకుంది దేవకుమారి.

గిన్నె అడుగు నిండింది. హారిక మూత పెట్టుకుని కిందికి పరిగెత్తింది. అప్పుడు చూసింది దేవకుమారి షాజాదీని. పంటి బిగువున ఓర్చుకుని కూర్చుని ఉంది. ఆమె నైటీ రెండు వైపులా తడిసి, పాలు మోకాళ్ళ మీదికి కారుతున్నాయి.

"ఇక చాలు తల్లీ" అంటూ దేవకుమారి ఇంకా ఏడుస్తున్న ఆ పిల్లాణ్ణి ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టింది.