బొటనవేలంత గుడ్డ

నాకు కోపం ఎక్కువ. సముద్రం ఒడ్డున మా సాల్ట్‌పాండ్‌లో ఎవరినడిగినా చెబుతారు, బెంచివాతో పెట్టుకోవద్దని. ఆ కోపంతోనే ఆరేళ్ళ కిందట మేడం ఫిలో కుట్టు షాపులోంచి బయటికొచ్చేశాను. పని నేర్చుకోవడానికి ఒప్పుకున్న మూడేళ్ళూ అయిపోయాయి, పైన ఇంకో ఏడాది కూడా గడిచింది. అయినా ఆవిడ నన్ను విడుదల చెయ్యదు. మా దగ్గర, పని నేర్పిన మనిషి పానీయాల పెట్టెలు పుచ్చుకుని, నలుగురి ముందు మా మీద తెల్ల పౌడరు చల్లి దీవించి పంపితేనే కుట్టుపనివాళ్ళం అనిపించుకుంటాం. ఇంకా ఒకటి నేర్పాలి నీకు అంటుంది, అదేమిటో చెప్పదు. ఊరికే చాకిరీ చేయించుకోవడానికే ఈ వేషాలనుకున్నాను. మీ కత్తెర మీ దగ్గరే పెట్టుకోండని మొహం మీదే అనేసి, చేపల మార్కెట్ వెనక ఒక రేకుల కొట్టు తీసుకున్నాను. పౌడరూ లేదు, దీవెనా లేదు.

పెద్దవాళ్ళ బట్టలంటే నాకు భయం లేదు. టేపు ఒకసారి చుట్టి, కత్తెర నేరుగా గుడ్డ మీద నడిపించేస్తాను. కాగితం అక్కర్లేదు. మా ఊళ్ళో అందరం అంతే. పిల్లల బట్టలు మాత్రం నాకు లొంగలేదు. పెద్దవాళ్ళ కొలత తగ్గిస్తే పిల్లల కొలత అయిపోదు. వాళ్ళ తల పెద్దది, మెడ కనబడదు, పొట్ట ముందుకుంటుంది, పైగా ఒక్క క్షణం నిలబడి చావరు. నేను కుట్టిన గౌను తలలోంచి దిగక చర్చి మెట్ల మీద ఒక పిల్ల ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ గుర్తే. మేడం ఫిలో పిల్లలకు మాత్రం కాగితం పెట్టి కోసేది. సిమెంటు సంచుల కాగితంతో చేసిన తొమ్మిది నమూనాలు, పేరు పెట్టే రోజు చొక్కా నుంచి పన్నెండేళ్ళ పిల్ల గౌను దాకా, వరసగా గోడకు ఒక మేకుకు వేలాడేవి. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. తను కోసిచ్చిన ముక్కలు మేం కుట్టాలి, అంతే. ఆ కాగితాల మీద నాకెంత ఆశంటే, కలలో కూడా ఆ గోడా, ఆ మేకూ కనబడేవి.

ఒక మంగళవారం, పడవలు సముద్రం మీదికి వెళ్ళని రోజు, నానా ఎసూన్ నా కొట్టుకొచ్చింది. చేపలు పొగబెట్టి అమ్ముకునే ముసలమ్మ; నానా అంటే మా మాటలో అమ్మమ్మ. ఆమె కూతురు ఓతువా పోయి ఆ శనివారానికి ఏడాది. ఇంటిల్లిపాదీ నల్లబట్టలు విడిచి తెల్లవి కట్టే రోజు. ముసలమ్మ వెంట నాలుగేళ్ళ మనవరాలు క్వాంసిమా ఉంది. మూట విప్పి ఒక గుడ్డ నా బల్ల మీద పెట్టింది. తెలుపు మీద నీలం పిట్టలు. ఓతువా ఆ పిల్లను వీపున కట్టుకుని తిరిగిన గుడ్డ అదే. మిగతావన్నీ చుట్టాలు పంచేసుకున్నారట.

"దీంతో దీనికి గౌను కుట్టమ్మాయ్. శనివారం చర్చిలో వాళ్ళమ్మ గుడ్డలో నిలబడాలి ఇది. ఇంకో గుడ్డ లేదు, చూసి కొయ్యి."

నాకు రాదని చెప్పి పంపాల్సింది. ఇన్నాళ్ళకు మళ్ళీ నా కొట్టుకు పిల్ల గౌను వచ్చిందని పొంగిపోయి, సరేనని పిల్ల కొలతలు తీసుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక గుడ్డ పరిచి చూశాను. ఉన్నది రెండు గజాలు. రెండు కొసలూ మూరెడేసి చీకిపోయాయి. సరిగ్గా మధ్యలో, పిల్లను మోసిన చోట, జానెడున్నర మేర పిట్టలన్నీ వెలిసిపోయి గుడ్డ పల్చబడింది. ఆ చోటు వదిలేసి, పిట్టలు తలకిందులు కాకుండా కోస్తే, గౌనుకు బొటాబొటిగా సరిపోతుంది. కత్తెర ఒక్కసారి తప్పు పడినా ఇక అంతే సంగతులు.

బుధవారం మధ్యాహ్నం మేడం ఫిలో షాపుకు వెళ్ళాను. అడుగుదామనే వెళ్ళాను, ఒట్టు. దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. వెళ్ళేసరికి ఆవిడ బల్ల మీద పడుకుని గురక పెడుతోంది, కళ్ళద్దాలు గుండెల మీద పెట్టుకుని. షాపులో ఇంకెవరూ లేరు, భోజనాల వేళ. గోడకు అదే మేకు, అవే కాగితాలు.

లేపితే ఏమంటుంది? ఆరేళ్ళకు గుర్తొచ్చానా అంటుంది. పదిమందికీ చెప్పుకుని నవ్వుతుంది. అది తలుచుకోగానే నాకు ఒళ్ళు మండింది. చెయ్యి దానంతటదే మేకు మీదికి పోయింది. నాలుగేళ్ళ పిల్ల కాగితాలు ఒకదానికొకటి గుచ్చి ఉన్నాయి. లాగుతుంటే కరకరలాడాయి. ఆవిడ గురక ఆగింది. నేను కదల్లేదు, ఊపిరి కూడా తీసుకోలేదు. మళ్ళీ గురక మొదలయ్యాక, దొంగపిల్లిలా బయటపడ్డాను. చొక్కా లోపల కాగితం పొట్టకు గుచ్చుకుంటూనే ఉంది.

గురువారం కోశాను. కాగితం గుడ్డ మీద పెట్టి, గుండుసూదులు గుచ్చి, కాగితం అంచు వెంటే కత్తెర నడిపాను. వెంట్రుకవాసి అటూ ఇటూ పోలేదు. వెలిసిపోయిన ముక్కను తీసి ముక్కల సంచిలో పడేశాను. శుక్రవారం పొద్దున్న పక్కలు కుట్టి, ఎందుకో అనుమానమొచ్చి టేపు పెట్టాను. పిల్ల ఛాతీ ఇరవై మూడు అంగుళాలు. గౌను ఇరవై ఒకటి. మళ్ళీ పెట్టాను. ఇరవై ఒకటే.

కాగితం తీసి పిల్ల కొలతతో సరిచూస్తే అప్పుడు తెలిసింది. ఆ కాగితం ఒంటి కొలతే. కుట్టుకు వదలాల్సిన గుడ్డ అందులో లేదు. పెద్దవాళ్ళకు కోసేటప్పుడు నా చెయ్యి దానంతటదే ఆ గుడ్డ వదులుతుంది. కాగితం కనబడేసరికి, అన్నీ అదే చూసుకుంటుందని నమ్మి కూర్చున్నాను. బుద్ధి లేదూ నాకు!

కుట్టు విప్పి, ముక్కలూ కాగితమూ పట్టుకుని మేడం దగ్గరికే వెళ్ళాను. ఇంకెక్కడికి పోను? ఆవిడ మిషన్ ఆపి, నా చేతిలోని కాగితం చూసింది.

"తెచ్చావా? ఇంకో వారం పడుతుందనుకున్నాను."

"మీరు... చూశారా?"

"గురక ఎవరైనా పెట్టగలరే. అడుగుతావేమోనని చూశాను. అడగలేదు."

"చూసి కూడా ఊరుకున్నారా?" అని అరిచాను. దొంగతనం చేసింది నేను, అరిచింది కూడా నేనే.

ముందు పాతగుడ్డ మీద కోసి చూసుకుంటావు, గౌను బిగుసుకుపోతుంది, అప్పుడైనా వచ్చి అడుగుతావు అనుకుందట. అంటూనే పిట్టల ముక్కలు చేతిలోకి తీసుకుంది. ఆ గుడ్డ ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆవిడ మొహం పాలిపోయింది. కోసిన అంచును వేలితో తడిమింది.

"నీకు నేర్పాలన్నది ఇదే. కాగితం పక్కన బొటనవేలు పెట్టి, దాని బయట కొయ్యాలి. కాగితాలు ఎత్తుకుపోయేవాళ్ళ గుడ్డ పాడవ్వాలనే నాకు పని నేర్పిన మేడం వాటిని అలా చేసింది. విడుదల చేసే రోజు చెవిలో చెప్పేది. నువ్వు నాకంటే బాగా కోస్తావు. అది చెప్పేస్తే ఇక నా షాపుకెవరొస్తారని ఇవాళ, రేపు అని దాటేస్తూ వచ్చాను."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందో చెప్పలేను.

"లే," అంది భుజం మీద గుడ్డ సర్దుకుంటూ. "ఈ గుడ్డ నీదీ కాదు, నాదీ కాదు. దీని మనిషికి చెప్పందే సూది ముట్టను."

నానా ఎసూన్ పొయ్యి దగ్గర చేపలు తిరగేస్తోంది. మొత్తం చెప్పేశాను, మేకు దగ్గర్నుంచీ. తప్పులో సగం తనదని మేడం అంది. ముసలమ్మ ఇద్దరినీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పొగకు కళ్ళు తుడుచుకుని ఒక్కటే అడిగింది.

"మధ్యలో వెలిసిన ముక్క ఏది?"

పనికిరాదని పారేశానన్నాను.

"నేను పిట్టల కోసం తెచ్చాననుకున్నావా అమ్మాయ్ ఆ గుడ్డ? మూడేళ్ళు నా కూతురు వీపుకీ ఈ పిల్లకీ మధ్య నలిగింది ఆ ముక్కే."

శుక్రవారం! దిండ్లు కుట్టే ఆవిడ మా ముక్కల సంచులన్నీ పట్టుకుపోయే రోజు. పరుగెత్తాను. కొట్టు ముందు సంచి లేదు. ఇప్పుడే అటు పోయిందని మొక్కజొన్న కెంకే ముద్దలు అమ్మే ఆవిడ చెయ్యి చూపింది. వ్యాన్ల స్టాండుకు వెళ్ళేసరికి బండి కదలబోతోంది, పైన తాళ్ళతో కట్టిన ఆరు సంచులు. నేను బండికి అడ్డంగా నిలబడ్డాను. డ్రైవరు పిచ్చిదాన్నన్నాడు, లోపలివాళ్ళు ఆలస్యమైపోతోందని గోల. అందరి మధ్యా సంచులు దింపించి, ఒక్కొక్కటే విప్పి రోడ్డు మీద గుమ్మరించాను. మొదటిది కాదు. రెండోది కాదు. మూడోది కూడా కాదు. నాలుగో సంచిలో, ఎవరివో ఎర్ర సాటిను ముక్కల కింద, ముడతలు పడి దొరికింది. అక్కడే కూలబడి ఏడ్చాను, ఎవరేమనుకుంటే నాకేం.

మధ్యాహ్నం నుంచి మేడం షాపులో కూర్చుని కుట్టాం. ఆ వెలిసిన గుడ్డను పట్టీలుగా కోసి, చంకల కింద నుంచి అంచు దాకా రెండు పక్కలా వేశాం. పల్చబడిన గుడ్డ కదా, వెనక మెత్తటి తెల్లగుడ్డ వేసి నిలబెట్టాం. ఈసారి బొటనవేలు పెట్టి నేనే కోశాను, ఆవిడ పక్కన నిలబడి చూసింది.

చివరి దారం తెంపాక, మేడం బల్ల మీది సుద్దముక్కను అరచేతిలో నలిపి, ఆ పొడి నా మెడకూ భుజాలకూ రాసింది. నలుగురూ లేరు, పానీయాల పెట్టెలూ లేవు.

"వెళ్ళేటప్పుడు మేకు మీది కాగితాలు తీసుకెళ్ళు. నకలు తీసుకుని పట్టుకురా. ఈసారి అడిగి తీసుకున్నట్టే," అంది.

శనివారం పొద్దున్న గౌను పట్టుకుని నానా ఎసూన్ ఇంటికి వెళ్ళాం. తెల్లబట్టల్లో ఇల్లంతా జనం, అందరి కళ్ళూ నా చేతుల మీదే. పిల్ల తలమీదుగా గౌను వేస్తుంటే నేను కళ్ళు మూసుకున్నాను. తల దిగింది. చేతులు దూరాయి. గుండీలు పడ్డాయి. క్వాంసిమా ఒకసారి గిర్రున తిరిగి, రెండు చేతులూ పక్కలకు పెట్టుకుని వెలిసిన పట్టీలు చూసుకుంది. మూతి ముడిచింది.

"నానా, ఇక్కడ పాతది వేశారు."

నానా ఎసూన్ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పట్టీని అరచేత్తో సాపు చేసింది.

"అవునమ్మా. దాన్ని పాత చేసింది నువ్వే," అంది, పిల్లను ఎత్తుకుని చర్చికి బయల్దేరుతూ.