ఆ ఫొటోలో లేనిది

నిషాత్ వంటింట్లో మాంసం కూర వండుతోంది. ముందుగదిలో భర్త ముజఫర్, అత్త హజరాబీ, కూతురు గుల్షన్ ఫోన్ చుట్టూ చేరి, గోడకి ఫ్రేము కట్టించడానికి ఒక ఫొటో వెతుకుతున్నారు. పదేళ్ల కింద ఉదయగిరి కొండమీద తీసింది దొరికింది.

"ఇందులో అమ్మీ ఏది?" అంది గుల్షన్.

"మీ అమ్మ ఆ రోజు రాలేదులే. జొరమొచ్చి ఇంట్లోనే పడుకోనుండింది," అంది హజరాబీ.

జ్వరం నిజమే. ఆ జ్వరంతోనే లేచి నిషాత్ పది మందికి పులావు వండింది. నాలుగేళ్ల గుల్షన్ని చంకనేసుకుని, రెండో చేత్తో నీళ్ల క్యాను మోస్తూ కొండెక్కింది. "నీ వల్లే అందరికీ లేటు" అని దారంతా ముజఫర్ విసుక్కుంటూనే ఉన్నాడు.

చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చింది. "నేనూ వచ్చినాను. ఆ ఫొటో తీసింది నేనే."

ముజఫర్ తలెత్తలేదు. "ఊరికే ఊహించుకోబాక. దారిన పోయేవోళ్లు ఎవరో తీసినారు. కూర ఇంకా ఎంతసేపు?"

"ఫొటో కింద మే పద్దెనిమిది అని ఉండాది అమ్మీ," అంది గుల్షన్, తల్లికేసి చూస్తూ.

నిషాత్ పొయ్యి దగ్గరకు తిరిగొచ్చింది. ఊహేనా? ఇంట్లో ప్రతి పండక్కీ, ప్రతి పెళ్లికీ "నువ్వు తీస్తే బాగొస్తాయి" అని ఫోన్ తన చేతిలోనే పెట్టేవాళ్లు. ఒక్క ఫొటోలోనూ తను లేదు. కానీ ఎండకి కాలిన బండమీద మోకాలు ఆనించి, "అత్తా, కొంగు సర్దుకో" అన్నది ఇంకా గుర్తుంది. మోకాలు బొబ్బలెక్కింది. ఆ తర్వాత ముజఫర్ సీతాఫలం చీల్చి సగం తన చేతిలో పెట్టాడు. "పాపం, అలిసిపోయినావు" అన్నాడు. ఎన్ని మాటలు పడ్డా, ఆ సగం పండు తలుచుకునే ఇన్నేళ్లూ సర్దుకుపోయింది.

గరిటె ఆగిపోయింది. మే నెలలో సీతాఫలాలెక్కడివి? వానలు పడ్డాక కదా అవి కాసేది.

కొండెక్కింది నిజం. మోకాలు కాలింది నిజం. ఆ పండు ఒక్కటే తను కల్పించుకున్నది.

ఏడుపు రాలేదు. ఒళ్లంతా ఒకటే అలసట. కూర దించి, అందరికీ వడ్డించి, తను తినకుండానే పడుకుంది.

మరునాడు మధ్యాహ్నం వంట చెయ్యకుండానే ఆత్మకూరు బజారులో ఫొటో స్టూడియోకి పోయింది.

"ఫ్యామిలీ ఫొటోనా మేడం? అందరూ వచ్చినారా?" అన్నాడు స్టూడియో ఆయన, ఆమె వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూస్తూ.

నిషాత్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేనొచ్చినాను. తియ్యండి."