గేటు పక్క చోటు

కొత్తిమీర కట్టల మీద నీళ్లు చిలకరించి, వాడిన ఆకులు గిల్లేసి, నిమ్మకాయలు ఓ వైపు పేర్చి, చెంగమ్మ గంపను మురుక్కాలువ పక్కన సర్దుకుంది. ఈ నెల ఆమెకు పడిన చోటు అదే. పొట్టి మనిషి. మోకాళ్లు అరిగాయి, నడుము వంగింది. బేరమాడేవాళ్లను చూసే చూపు మాత్రం ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది. మూలకుళం నుంచి రోజూ తెల్లవారకముందే వస్తుంది.

పుదుచ్చేరిలోని ఆ చిన్న మార్కెట్టు కోసం ఒకప్పుడు రెండు ముఠాలు తలలు పగలగొట్టుకున్నాయి. ఆ నెత్తురు కడిగాక కూరలమ్మే ఆడవాళ్లే సంఘం పెట్టుకున్నారు. ఏ చోటూ ఎవరికీ సొంతం కాదనుకున్నారు. నెలకోసారి ఇత్తడి బిందెలో ఎవరి సరుకు వాళ్లు వేస్తారు. ఒకరు ఉల్లిపాయ, ఒకరు వంకాయ, చెంగమ్మ నిమ్మకాయ. ఒకరు కళ్లు మూసుకుని తీస్తారు. ముందు ఎవరి సరుకు వస్తే వాళ్లకు గేటు పక్క చోటు, ఆఖర్న వచ్చినవాళ్లకు మురుక్కాలువ పక్కది. తడిమితే తెలిసిపోదా అని ఒకరినొకరు దెప్పుకోవడం కూడా ఆనవాయితీయే.

పోట్లాటలకేం కొదవ లేదు. చెత్త ఎవరు ఊడ్వాలి, బల్బు ఎవరు మార్చాలి అని మీటింగు పెడితే గొంతులు పోయేదాకా అరుపులే. అందరికీ విసుగెత్తిన వేళ, మార్కెట్టు పనులన్నీ తాను చూసుకుంటానని గోవిందరాజన్ వచ్చాడు. చెంగమ్మ వీధిలో పెరిగినవాడే. కప్పుకు కొత్త రేకులు వేయించాడు. అందరూ దీవించారు, చెంగమ్మ కూడా. తర్వాత అతని వెనక నీలం చొక్కాలవాళ్లు వచ్చారు. ఏంబలం నుంచి ఆకుకూరలు తెచ్చేవాళ్లు పరాయివాళ్లన్నాడు, గేటు బయటికి తోయించాడు. లోపలివాళ్లకు బేరాలు కాస్త పెరిగాయి. ఎవరూ నోరెత్తలేదు.

ఈవేళ బిందె పెట్టే రోజు. గోవిందరాజన్ ముందే వచ్చి చెంగమ్మ గంప దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"అత్తా, ఇంక బిందె వొద్దు. నేను ఉండే దాకా చోట్లు నేనే ఇస్తా. గేటు కాడ చోటు నీకే, సచ్చేదాకా. నువ్వు చెయ్యెత్తితే అందురూ ఎత్తతారు."

గేటు పక్కనైతే పొద్దెక్కకముందే గంప ఖాళీ అవుతుంది. ఈ కంపు ఉండదు. ఆమెకు ఆశ పుట్టలేదంటే అబద్ధం.

అతను లేచి వెళ్లాక, పక్కన వంకాయలమ్మే పట్టమ్మాళ్ గొణిగింది. "ఎత్తక్కా. మనకేంది? మంచే చేస్తుండాడు గదా."

"చేస్తుండాడు. రేపు చెయ్యకుంటే యాడికి పోయి అడగాల?"

గోవిందరాజన్ పెట్టె ఎక్కి మాట్లాడాడు. చేతులు లేచాయి. చెంగమ్మ చెయ్యి లేవలేదు. మనిషే లేచింది. మూలనున్న బిందె దగ్గరికి నడిచి అందులో నిమ్మకాయ వేసింది.

"ఏందత్తా ఇది?"

"నా వంతు, గోవిందా. మురుక్కాలవ కాడి చోటు బిందె ఇచ్చింది. దానికి నేను ఎవురి కాళ్లూ పట్టుకోలే. నువ్విచ్చే చోట్లో కూర్చుంటే దినామూ నీకు దండం పెట్టాల."

అతను నవ్వాడు. "అట్లయితే నీకు లోపల చోటు లేదు."

నీలం చొక్కాలవాడొకడు గంప మీద చెయ్యి వేశాడు.

"తియ్యి చెయ్యి. నా గంప నేనెత్తుకుంటా."

ఎత్తుకుంది. మోకాళ్లు కలుక్కుమన్నా మొహంలో తెలియనివ్వలేదు. పెళ్లికూతురిని కూడా జనం అలా దారిచ్చి చూడరు. మెడ తిప్పకుండా, తొందరపడకుండా, వరుసల మధ్యనుంచి నడిచి వెళ్లింది. ఆ నడక చూసినవాళ్లకు ఎత్తిన చేతులు బరువెక్కాయి.

బయట రోడ్డు మీద ఏంబలం ఆడవాళ్లు ఆమెను చూశారు. వాళ్లను గేటు బయటికి తోసిన రోజు తానూ నోరెత్తలేదని గుర్తొచ్చి చెంగమ్మకు సిగ్గేసింది. వాళ్లలో అముద తన గోనె జరిపి చోటిచ్చింది.

లోపల, మురుక్కాలువ పక్కన, చెంగమ్మ కూర్చునే చెక్కపీట మిగిలిపోయింది. నీలం చొక్కాలవాడు దాన్ని కాలితో అవతలికి తన్నాడు. పట్టమ్మాళ్ ఎత్తిన చెయ్యి దించి, వెళ్లి ఆ పీటను తెచ్చి, కొంగుతో తుడిచి, మళ్లీ ఉన్నచోటే వేసింది.