మూడో గ్లాసు

డిసెంబరు పదిహేడు రాకెట్ సేనవాళ్ల పండగ. ఆ సేన పోయింది, రాకెట్లూ పోయాయి, ఉక్రెయిన్‌లో దెమ్యాన్ ఇంట్లో పండగ మాత్రం పోలేదు. ఆ సాయంత్రం రష్యాలోని సరాతొవ్ నుంచి గ్లేబ్ ఫోన్ చేస్తాడు. ఇక్కడ దెమ్యాన్, అక్కడ గ్లేబ్ గ్లాసులు పట్టుకుని "మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెట్టి ఒకేసారి తాగుతారు. మొగుడి మీద ఎంత కోపమున్నా పరస్కా ఆ రోజు ఊరవేసిన టమాటాలు, పంది కొవ్వు ముక్కలు బల్ల మీద పెట్టి తీరుతుంది.

సోవియట్ రోజుల్లో పెర్వొమైస్క్ ఊరి బయట, పొలాల అడుగున, భూమి లోపలి గదిలో దెమ్యాన్, గ్లేబ్ కలిసి డ్యూటీ చేశారు. చెరో తాళంచెవి. ఇద్దరూ ఒకే క్షణంలో తిప్పితేనే అణు రాకెట్ లేస్తుంది, ఒక్కడు తిప్పితే ఏమీ కాదు. తిప్పే ముందు ఒకడు "అడుగుతున్నాను" అంటూ అంతా సిద్ధమా అని అడగాలి, రెండోవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అబద్ధం ఆడకూడదు, జవాబివ్వకుండా ఊరుకోనూ కూడదు. నిజంగా తిప్పే రోజు రాకపోవడం ఈ లోకం చేసుకున్న పుణ్యం.

దెమ్యాన్ కొడుకు యరేమా పుట్టినప్పుడు కమ్యూనిస్టు పార్టీవాళ్ల కళ్లుగప్పి ఓ పల్లె చర్చిలో జ్ఞానస్నానం చేయించారు. బిడ్డను చేతుల్లోకి అందుకున్నది గ్లేబే. అలా అందుకున్నవాడు ఆ ఇంటికి కూమ్ అవుతాడు, ఇల్లాలు అతనికి కూమా. రక్తసంబంధం కన్నా అదే గట్టిదని పరస్కా నమ్మకం.

సోవియట్ యూనియన్ ముక్కలయ్యాక ఏ దేశ సైనికులుగా ప్రమాణం చేస్తారో తేల్చుకోమన్నారు. దెమ్యాన్ ఉక్రెయిన్‌కి చేశాడు. గ్లేబ్ రష్యాకి పెట్టెలు సర్దుకున్నాడు. తర్వాత అణుబాంబులూ రైలెక్కి అటే పోయాయి. బదులుగా మీ సరిహద్దుల జోలికి రామని రష్యాతో సహా పెద్ద దేశాలు కాగితం మీద సంతకాలు పెట్టాయి. "కాగితం దేనికిరా, నేను లేనూ?" అన్నాడు గ్లేబ్ అప్పుడు ఫోన్లో. దెమ్యాన్ ఆ మాటకే పొంగిపోయాడు, పిచ్చిమారాజు.

ఈ ఏడు వసంతంలో క్రిమియా రష్యా చేతికి పోయింది. వేసవికల్లా తూర్పున యుద్ధం. యరేమా సైనికుడిగా అక్కడే ఉన్నాడు.

"ఆ బాంబులు ఇచ్చెయ్యకుండా ఉండాల్సింది అంటున్నారు బజార్లో," అంది పరస్కా, టమాటాల గిన్నె బల్ల మీద పెడుతూ.

"ఉంచుకుని ఎవరి మీద వెయ్యమంటావు? సరాతొవ్ మీదా?"

అప్పుడే ఫోన్ మోగింది. దెమ్యాన్ కదల్లేదు.

"తియ్యి," అంది.

"తీసి ఏమడగను? క్రిమియాలో సముద్రం వెచ్చగా ఉందా అనా?"

"తిట్టాలన్నా తియ్యాలి కదయ్యా!" అని తనే స్పీకర్ మీట నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టింది.

"బతికే ఉన్నావా ముసలోడా? గ్లాసు నింపావా?" గ్లేబ్ గొంతు గదంతా వినిపించింది. ఎప్పటి సరదాయే, కాస్త ఎక్కువగానే ఉంది.

"మాకిక్కడ యుద్ధంరా. నీకింకా కబురందలేదేమో."

"మీ టీవీ ఒకటి చెబుతుంది, మాది ఒకటి చెబుతుంది. మనకెందుకురా ఆ గోల? నా యరేమా ఎలా ఉన్నాడు?"

"నీ యరేమా దెబాల్త్సెవె దగ్గర కందకంలో ఉన్నాడు. నీ కొడుకు ఫేద్యా ఎక్కడున్నాడు?"

"మా వైపే, రొస్తొవ్‌లో. ఏవో సైనిక విన్యాసాలట."

దెమ్యాన్ నిటారుగా కూర్చున్నాడు. గొంతు మారిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో పరస్కా ఆ గొంతు వినలేదు. అది భూమి కింద గదిలో వాడిన గొంతు.

"అడుగుతున్నాను. నీ కొడుకు సరిహద్దు దాటాడా, లేదా?"

జవాబుకి బదులు "మూడు..." అన్నాడు గ్లేబ్. "రెండు..."

దెమ్యాన్ "ఒకటి" అనలేదు. గ్లాసు పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు. పరస్కాకు అర్థమైంది. మాట లేకుండా, లెక్క లేకుండా, నిలబడి తాగేది మూడో గ్లాసు. అది చచ్చిపోయినవాళ్ల పేరున తాగేది. మొదటిదీ లేదు, రెండోదీ లేదు, ఈ మనిషి నేరుగా స్నేహితుణ్ణి పూడ్చిపెడుతున్నాడు.

చప్పున గ్లాసు లాక్కుంది. "మనింట్లో ఎవరూ చావలేదు. వాళ్లింట్లోనూ చావలేదు!" అంటూ వోడ్కాను తిరిగి సీసాలోకి వంచింది. సగం బల్ల మీదే ఒలికింది. ఫోన్ మీదికి వంగింది.

"గ్లేబ్, నేను. కూమాని. ఫేద్యా నీతో మాట్లాడి ఎన్నాళ్లయింది?"

"నవంబరు నుంచి ఫోన్ లేదు కూమా." సరదా ఎటో పోయింది. "ఎవరిని అడిగినా విన్యాసాలే అంటారు. ఇంకేమీ అడగొద్దంటారు."

"మావాడి దగ్గర్నుంచీ వారంగా లేదు."

"దాటాడు," అన్నాడు గ్లేబ్ చివరికి. "నువ్వు అడిగావుగా దెమ్యాన్. దాటాడు."

దెమ్యాన్ కుర్చీలో కూలబడ్డాడు. పరస్కాకు కోపం రావాలి. రాలేదు. చిన్నప్పుడు ఫేద్యా ఇదే బల్ల దగ్గర కూర్చుని, గిన్నెలో చివరి టమాటా కోసం యరేమాతో కొట్టుకునేవాడు. అదొక్కటే కళ్లముందు నిలిచింది.

"వాడు ఎప్పుడు ఫోన్ చేసినా చెప్పు," అంది. "ఎదురు కందకంలో యరేమా ఉన్నాడని చెప్పు."

"చెబుతాను కూమా. చేస్తే చెబుతాను."

ఇవాళ తాగేది లేదన్నట్టు దెమ్యాన్ తన గ్లాసును బల్ల మీద బోర్లించాడు. గ్లేబ్ వైపు కూడా గ్లాసు బోర్లించిన చప్పుడైంది. ఫోన్ మాత్రం ఎవరూ పెట్టెయ్యలేదు.