పిచ్చుక మోకాలు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంటి ముందుగదిలో కూర్చున్న వాళ్ళందరికీ ఒక్క విషయంలో పేచీ లేదు: పిచ్చుక తమ పరువు తీశాడు. వాడిని ఉంచుకోవాలా, అమ్మేయాలా అన్నచోటే తగువంతా.

పిచ్చుక అంటే ఊరి ఫుట్‌బాల్ క్లబ్బులో ఎడమ వైపు ఆడే వింగర్. అయిదడుగుల నాలుగంగుళాల మనిషి. బంతి కాలికి తగిలిందంటే నేలమీద ఆనకుండా గెంతుకుంటూ పోయేవాడు, అందుకే ఆ పేరు. పదిహేడేళ్ళకే కప్పు ఫైనల్లో గోల్ కొట్టి ఊరంతటినీ వీధుల్లోకి తెచ్చాడు. అది జరిగి ఏడేళ్ళయింది. ఆ ఏడేళ్ళూ ఊరు వాడి రెక్కలు విచ్చుకుంటాయని కాచుక్కూర్చుంది. వాడేమో ఆటకు ఇరవై నిమిషాలు మెరవడం, ఆ తర్వాత గీత పక్కన నడుం మీద చేతులేసుకుని నిలబడడం. అలాంటివాణ్ణి ఇప్పుడో పెద్ద క్లబ్బు కొనుక్కుంటానని కబురంపింది.

"అమ్మి పారేయాలి," అన్నాడు ఆ ఇంటి పెద్దమ్మాయికి తమ్ముడు. అతను టైర్ల దుకాణంలో పనిచేస్తాడు. లోకంలో ప్రతిదాన్నీ ఆ దుకాణంలోంచే చూస్తాడు. "ఒక ట్యూబుకి ఎన్ని ప్యాచీలు వేస్తాం? ఎవడో వెర్రివాడు కొత్తదనుకుని అడుగుతున్నాడు. కళ్ళు మూసుకుని ఇచ్చెయ్యాలి."

పక్కింటి లెక్కల మాస్టారు ఒళ్ళో నోట్‌బుక్కు తెరిచారు. క్లబ్బు ఆడిన ప్రతి ఆటా అందులో ఉంటుంది. "ఏడేళ్ళలో నూట నలభై రెండు ఆటలు. గోల్స్ పందొమ్మిది. చివరిదాకా మైదానంలో ఉన్నవి ముప్పై ఒకటి. మిగతావన్నీ మధ్యలోనే సెలవు చీటీ."

"మీ లెక్కల్లో ఆట కనపడదు మాస్టారూ," అన్నాడు నాన్న. ముప్పైమూడేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? రేపు వాడక్కడికి పోయి చెలరేగితే మీరంతా నోట్లో వేలేసుకుంటారు."

"చెలరేగాలంటే ముందు పరిగెత్తాలిగా నాన్నా!" అన్నాడు తమ్ముడు.

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "వాడెవడో పరిగెత్తకపోతే మీకెందుకురా ఈ ఆయాసం?"

అందరికంటే కోపంగా ఉన్నది మాత్రం ఆ ఇంటి పెద్దమ్మాయి. పెద్దాసుపత్రి స్కానింగ్ గదిలో ఆమెది ఉద్యోగం. ఎముకల బొమ్మలు తీస్తుంది కాబట్టి అక్కడ వార్డుబాయి నుంచి సర్జను దాకా ఆమెను ఫొటోలక్క అంటారు. చిన్నప్పటి నుంచీ క్లబ్బు పిచ్చి. పెళ్ళి ఊసెత్తితే కప్పు గెలిచాక చూద్దాం అనేది. గెలిచాక కూడా చూడలేదు.

"నాకైతే వాడి మొహం చూస్తే డోకొస్తోంది," అంది ఫొటోలక్క. "చేతకానివాణ్ణి క్షమించొచ్చు. చేతనై కూడా చెయ్యనివాణ్ణి ఏమనాలి? కాళ్ళలో మెరుపుంది, ఒళ్ళంతా బద్ధకం. తీసుకుపొమ్మనండి. పీడా పోతుంది."

ఆమె మాటకే పరిమితమైన మనిషి కాదు. కిందటేడు ఓ ఆటలో వాడు మోకాలు పట్టుకుని వంగితే, కంచె దగ్గరికి వెళ్ళి, "నటుడా! వేషానికెంత ఇస్తున్నారు?" అని అరిచింది. వాడు తలెత్తి ఆమె వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆమెకు చాలా రోజులు హాయిగానే ఉన్నాయి.

మంగళవారం పొద్దున్న, మొదటి పేషెంటుగా ఆమె ముందుకు వచ్చింది పిచ్చుకే. కొనబోయే క్లబ్బు తమ డాక్టర్ని వెంట పంపింది. సంతకాలకు ముందు మోకాలు చూసుకోవాలట. ఆ ఊళ్ళో మంచి స్కానింగ్ యంత్రం ఉన్నది ఈ ఆస్పత్రిలోనే.

"ఒంటి మీద లోహం ఏమన్నా ఉందా? గొలుసు, ఉంగరం, వాచీ?" ముభావంగా అడిగింది ఫొటోలక్క. రోజుకు ఇరవైమందిని అడిగే ప్రశ్నలే.

"లేవండీ."

"పాతిక నిమిషాలు కదలకూడదు. యంత్రం చప్పుడు చేస్తుంది, బెదరొద్దు."

"కదలకుండా ఉండడంలో నన్ను మించినవాడు లేడంటారుగా మీ ఊళ్ళో," అని నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. కాలికి పట్టీ బిగించి, చెవులకు అడ్డు పెట్టి, బల్లను లోపలికి పంపి, అద్దం ఇవతలికి వచ్చి కూర్చుంది.

బొమ్మలు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి. మొదటిది చూడగానే పేరు పొరపాటున మారిందేమోనని పైన ఉన్న వివరాలు మళ్ళీ చదివింది. మార్పేమీ లేదు. వయసు ఇరవై నాలుగు. బొమ్మలో ఉన్నది మాత్రం నలభై ఏళ్ళు మూటలు మోసి, ఇక మోయలేనని వచ్చే ముసలివాళ్ళ మోకాలు. కీలు మధ్య గుజ్జు ఒకవైపు పూర్తిగా అరిగిపోయింది. ఎముక మీద ఎముక కూర్చుని ఉంది. ఈ మోకాలితో ఆట సంగతి అలా ఉంచి, మెట్లు దిగేటప్పుడు కూడా మనిషి గోడ పట్టుకోవాలి. దీనితోనే ఇతను ఆటకు ఇరవై నిమిషాలు గెంతాడు.

పక్కన నిలబడిన డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది ఇవాళ్టిది కాదు. పాత రికార్డులేమైనా ఉన్నాయా అమ్మా?"

నంబరు కొట్టి వెతికింది. ఒక్కటే ఉంది, ఏడేళ్ళ నాటిది. ఆమె ఇంకా ఆ ఉద్యోగంలో చేరని రోజులవి. బొమ్మలతో పాటు రిపోర్టు కాగితం కూడా తెరమీద తెరుచుకుంది. ఎముక చివర పగులు ఉందనీ, దాని మీది గుజ్జు ముక్క ఊడి వేలాడుతోందనీ, ఆరు నెలలు ఆట పూర్తిగా మానకపోతే కీలు శాశ్వతంగా పాడవుతుందనీ స్పష్టంగా రాసి ఉంది. కింద 'చదివాను, అందింది' అని క్లబ్బు డాక్టరు సంతకం, తేదీ.

ఆ తేదీకి ఆమె వేళ్ళు లెక్కపెట్టనక్కర్లేకపోయింది. ఫైనల్ ఏ రోజు జరిగిందో ఆ ఊళ్ళో బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ సంతకం పడిన సరిగ్గా తొమ్మిది రోజులకే ఫైనల్.

అతను బట్టలు మార్చుకుని, బూటు లేసు కట్టుకుంటూ తలుపు దగ్గర కూర్చున్నాడు. డాక్టరు అటు తిరిగాడు. "ఏడేళ్ళ కిందట దెబ్బ తగిలినప్పుడు ఎన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నావ్?"

"విశ్రాంతా? అది బెణుకేనన్నారు సార్. సూది వేసి ఆడించారు."

"ఈ కాగితం నీకు చూపించలేదా?"

"ఏ కాగితం?"

ఫొటోలక్క లేచి తన కుర్చీ ఇచ్చింది. అతను తెర ముందు కూర్చుని, పెదవులు కదుపుతూ, బడిలో చదివినట్టు నిదానంగా చదివాడు. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అప్పట్లో అతను క్లబ్బు హాస్టల్లో ఉండేవాడు. అన్నం పెట్టినా మందు ఇచ్చినా వాళ్ళే. అడగడానికి వెనకా ముందూ ఎవరూ లేరు.

"అయితే నాది బద్ధకం కాదన్నమాట," అన్నాడు చివరికి.

డాక్టరు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు.

"నొప్పంటే వేషాలన్నారు. కోచ్‌లు ముగ్గురు మారారు, ముగ్గురూ అదే మాట. అందరూ అంటుంటే నిజమే కాబోలనుకున్నాను. నాకే మనసు లేదేమో, నేనే సోమరినేమోనని." తల తిప్పి ఆమె వైపు చూశాడు. కంచె దగ్గర అరిచిన మనిషని గుర్తుపట్టలేదు. గుర్తుపడితే బాగుండుననిపించింది ఆమెకు. "దీని నకలు నాకిస్తారా అక్కా?"

"ఇస్తాను. నీ మోకాలు, నీ కాగితం."

నకలు తీసి, ముద్ర కొట్టి, రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని ఇచ్చింది. వాళ్ళు వెళ్ళాక పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. రెండోసారి కడుక్కుంది. ఆ క్లబ్బు డాక్టరు ఆమెకు తెలియనివాడు కాదు. కప్పు ఊరేగింపులో బండి మీద నిలబడి, పిచ్చుకను భుజాల మీద ఎక్కించుకుని ఊగినవాడు. అప్పుడాయన్ను చూసి, ఎంత ప్రేమో పిల్లాడంటే అనుకున్నారు అందరూ.

బేరం చెడిందన్న వార్త గురువారానికి ఊరంతా పాకింది. ఎందుకు చెడిందో చెప్పేవాళ్ళు లేకపోవడంతో ఎవరి నోటికి తోచింది వాళ్ళు చెప్పారు. రక్తంలో సారా దొరికిందన్నారు. బరువు చూసే యంత్రం ముల్లు విరిగిందన్నారు. "టైరు తిప్పి చూసి వెనక్కి పంపేశారు," అని తమ్ముడు పగలబడి నవ్వాడు. ఫొటోలక్క అన్నం కలుపుకుంటూ ఊరుకుంది. ఆస్పత్రి విషయం గడప దాటించకూడదు. దాటించే హక్కు ఒక్కడికే ఉంది.

ఆ ఒక్కడూ శనివారం క్లబ్బు గేటు ముందు నిలబడి, టీవీ వాళ్ళ ఎదుట కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తేదీ చదివాడు. సంతకం ఎవరిదో చదివాడు. ఒక్క తిట్టు కూడా తిట్టకుండా మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అదే ముందుగది, అదే మనుషులు. ఫొటోలక్క తలుపుకానుకుని నిలబడి ఒక్కొక్కరి మొహమే చూసింది. ఇప్పుడు సిగ్గుపడతారనుకుంది. నాన్న నేల చూపులు చూస్తున్నాడు. మాస్టారు నోట్‌బుక్కు పేజీలు వెనక్కి తిప్పారు.

"ఆరు నెలలు మానేసి ఉంటే," అన్నారాయన, "ఫైనల్ పోయేదన్నమాట."

"పోయేదా ఏంటి? పోయినట్టే!" అన్నాడు తమ్ముడు. "ఆ రోజు వాడు కాక ఇంకెవడున్నాడు మనకి? డాక్టరు మంచి పనే చేశాడు."

"ఏంటీ?" అంది ఫొటోలక్క.

"అవునక్కా. నలభై ఏళ్ళకొచ్చింది ఆ కప్పు. ఒక మోకాలికి ఒక కప్పు. నన్నడిగితే గిట్టుబాటు బేరమే."

"ఎవరి మోకాలురా?"

"ఎవరిదైతేనేం? నాది కాదుగా!" మళ్ళీ నవ్వాడు. "ఏడేళ్ళు కూర్చోబెట్టి జీతమిచ్చారు. అప్పుడు లేని ఏడుపు ఇప్పుడొచ్చింది, అమ్ముడుపోలేదని."

"ఆటగాడంటే దెబ్బలు మామూలేనమ్మా," అని మాస్టారు సర్దిచెప్పబోయారు. ఆ మెత్తని గొంతు ఆమెకు తమ్ముడి నవ్వు కంటే రోతగా తోచింది.

ఉన్నట్టుండి తమ్ముడు కళ్ళు చిన్నవి చేశాడు. "ఆ కాగితం మీ ఆస్పత్రిదేగా? వాడికి ఎవరిచ్చారు?"

"నేనే."

"నువ్వా? బుద్ధుందా నీకు? కప్పు పేరెత్తితే ఇక ప్రతి ఊరివాడూ మన మొహాన ఉమ్మేస్తాడు. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. విభీషణుడికి తోబుట్టువై పుట్టావు!"

"లంకలో ఉన్నామని నువ్వే ఒప్పుకున్నావు," అంది ఆమె. "పదిహేడేళ్ళ పిల్లాడి కాలు వండుకుని తిన్నాంరా మనం. ఊరంతా పంచుకుని తిన్నాం. తిని, మూతి తుడుచుకుని, సరిగ్గా నడవట్లేదని వాణ్ణే తిట్టాం. ఛీ!"

ఆ 'ఛీ' ఎంత గట్టిగా వచ్చిందంటే, వంటింట్లోంచి అమ్మ తడిచేతులతో వచ్చేసింది. తమ్ముడు చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆ రోజు నుంచి అక్కతో మాట్లాడడం మానేశాడు. కూర గిన్నె కావాలన్నా అమ్మనే అడుగుతాడు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. క్లబ్బు డాక్టరు సెలవు మీద వెళ్ళాడు. క్లబ్బు వాళ్ళు పిచ్చుకకు రెండు వాక్యాల్లో వీడ్కోలు చెప్పారు, అందులో ఒకటి శుభాకాంక్షలు. అతను కోర్టుకెళ్ళాడు. రికార్డు అసలుదేనని చెప్పడానికి ఫొటోలక్కను పిలిస్తే వెళ్ళి చెప్పి వచ్చింది. మెట్ల దగ్గర అతను ఊతకర్ర మీద నిలబడి, వెళ్ళొస్తానక్కా అన్నాడు. కంచె దగ్గరి సంగతి చెప్పేద్దామని నోరు తెరిచి, చెప్పలేక, జాగ్రత్త అంది. ఇంటికొచ్చేదాకా తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసింది. మైదానానికి వెళ్ళడం మానేసింది. శనివారాలు డ్యూటీ వేయించుకుంది.

ఒక శనివారం పొద్దున్న ఆమె డ్యూటీకి బయల్దేరుతుంటే, వరండాలో కూర్చున్న నాన్న పిలిచాడు. ఆ గొడవ జరిగిన రోజు నుంచీ ఆయన ఈ విషయం మీద పెదవి విప్పలేదు.

"పెద్దమ్మాయ్, ఆ రోజు ఫైనల్లో గోలు కొట్టాక వాడు పడిపోయాడు చూడు. అప్పుడు నేను..."

"అరిచావు నాన్నా. లేవరా, లేవరా అని."

"అరిచానా." ఆయన చేతులు చూసుకున్నాడు. "నువ్వో?"

"నీ భుజాలు పట్టుకుని ఊపేస్తూ అరిచాను."

"లేచాడు పాపం."

"లేచాడు."

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"అయినా ఏం గోలు కొట్టాడమ్మా," అన్నాడు గొణుగుతున్నట్టు. ఆయన చెయ్యి తనంతట తానే గాల్లోకి లేచి, బంతి తిరిగిన వంపు గీసింది. "మన సగంలోంచి, ఒక్కడే, ముగ్గుర్ని దాటుకుని..."

ఆపు నాన్నా అనబోయింది. అనేలోపే ఆ పరుగు కళ్ళముందు కదిలింది. పగిలిన ఎముక మీద, ముగ్గురి మధ్యలోంచి, పిచ్చుకలా. ఆమె ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఏదో పురుగు పాకుతున్నట్టు వాటిని చూసి, చొక్కా చెయ్యి మణికట్టు దాకా లాక్కుని గబగబా మెట్లు దిగింది.