మూత వెనక చీటీ

మా కొట్లో నాకో అలవాటుంది. బాగుచేయడానికి వచ్చిన ప్రతి కంప్యూటర్‌కీ ఏం చేశానో చీటీ మీద రాసి, డబ్బా మూత లోపల అతికిస్తాను. రేపు ఇంకెవరు విప్పినా తడుముకోకూడదని. పనివాళ్ళెవరైనా ఆ చీటీ చదవకుండా పనిలోకి దిగితే ఒంటికాలి మీద లేస్తాను. "మూత తీయకుండానే తీర్పు చెప్పడానికి నువ్వేమైనా దేవుడివా?" అని తిడతాను. అంత గొప్పవాణ్ణి నేను.

అక్క ఇంట్లో కూర్చుని, డాక్టర్లు చెప్పిన రికార్డింగులు విని టైపు చేస్తుంది. బావ నడుం దెబ్బతిని మంచం పట్టాక ఆ ఇల్లు గడుస్తున్నది దానిమీదే. ఆయన్ని వదిలి బయటికెళ్ళి చేసే ఉద్యోగం ఆమెకు కుదరదు. పోయిన వారం వాళ్ళ ఆఫీసు నుంచి కబురొచ్చింది. వచ్చే నెల నుంచి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్లకే పని ఇస్తారట. మీది పనికొస్తుందో లేదో శుక్రవారంలోగా చెప్పమన్నారట.

బుధవారం మంచి రద్దీలో ఉండగా అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, పరీక్ష చేసుకోమని ఆఫీసువాళ్ళు ఏదో ప్రోగ్రామ్ పంపారు. పెట్టి చూశాను. 'ఈ కంప్యూటర్‌లో నడవదు' అని ఎర్రగా వచ్చింది. కింద ఇంకేదో రాసుంది, చదవనా?"

"అక్కర్లేదక్కా. ఎర్రగా వచ్చిందంటే దానికి మంగళం పాడేసినట్టే. ఏడేళ్ళ ముసలిది, ఇంకేం నడుస్తుంది?"

"నువ్వొకసారి వచ్చి చూస్తే..."

"చూడ్డానికేముందక్కా? నేను బిగించిన డబ్బా. నాకు తెలీదా?"

కొత్తది కొనే స్తోమత ఇప్పట్లో తనకీ లేదు, నాకూ లేదు. సరేలే అని పెట్టేసింది. నేను కౌంటర్ దగ్గరున్న మనిషి వైపు తిరిగాను.

ఆదివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. అందులోని ఫైళ్ళు తీసిపెట్టి, డబ్బా ఎవరికైనా అమ్మిపెట్టమంది అక్క. పక్కగదిలోంచి బావ, "ఏం బావమరిదీ, శవపరీక్షకొచ్చావా?" అన్నాడు. నవ్వాను. అమ్మేదాన్ని దుమ్ముతో ఇవ్వడమెందుకని మూత విప్పాను.

మూత లోపల చీటీ ఉంది. నా చేతిరాతే. 'స్క్రీన్ మధ్యమధ్యలో ఆగిపోతోంది. సెక్యూరిటీ చిప్ ఆపాను. అప్‌డేట్ వచ్చాక మళ్ళీ ఆన్ చేయాలి.' తేదీ మూడేళ్ళ కిందటిది.

కుర్చీ లాక్కుని, అక్క చెప్పిన పరీక్ష మళ్ళీ పెట్టాను. ఎర్రటి అక్షరాల కింద, ఆవిడ చదవనా అని అడిగిన చోట, ఒక్కటంటే ఒక్కటే కారణం ఉంది. సెక్యూరిటీ చిప్ కనబడలేదు. ప్రాసెసర్, మెమొరీ, డిస్క్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కంప్యూటర్ ఆపి, సెట్టింగుల్లోకి వెళ్ళి చిప్ ఆన్ చేసి, ఇంకోసారి పరీక్ష పెట్టాను. ఆకుపచ్చగా వచ్చింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

అక్క తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి స్క్రీన్ చూసింది.

"శుక్రవారం వాళ్ళకేం చెప్పావక్కా?"

"నువ్వన్నదే చెప్పాను. పనికిరాదని. నా సీటు నిన్న ఇంకొకావిడకి ఇచ్చేశారు."

"ఫోన్ చెయ్యి. బాగైందని చెప్పు."

చేసింది. నాకు ఈవైపు మాటలే వినబడ్డాయి. "అవునండి, నడుస్తోందండి... తెలుసండి... ఒక్కటి కూడా ఖాళీ లేదాండి... సరేనండి." ఫోన్ బల్లమీద బోర్లా పెట్టింది.

"ఏం చేస్తే నడిచిందిరా?"

కొత్త పార్ట్ వేశానని చెబుదామనుకున్నాను. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆరేళ్ళుగా ఆవిడ కూర్చుని అరిగిపోయిన ఆ కుర్చీలో కూర్చుని అంత మాట అనడానికి నాకు నోరు రాలేదు. చీటీ ఊడదీసి చేతికిచ్చాను.

రెండుసార్లు చదివింది. తిట్టినా బాగుండేది. "ఏమైందే?" అని బావ పక్కగదిలోంచి అడిగాడు. "ఏం లేదండి" అంది. తర్వాత ఆ చీటీని మూత లోపల మునుపున్న చోటే పెట్టి, లేచిన అంచుల్ని బొటనవేలితో గట్టిగా రుద్దింది.

"కొనేవాళ్ళకి ఇది చూపించు. వాళ్ళయినా చదువుతారు."