కోపం మీద కాలిన రొట్టె

తెల్లవారుజామున ఆ ఇంట్లో మొదట లేచేది అమ్మ. కళ్లద్దాలు తుడుచుకుని, పేపరు పట్టుకుని, రొట్టెల పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చునేది. ఆమె పేపరు విప్పేసరికి రొట్టెలాయన మోచేతుల దాకా పిండితో, మెడలో జపమాలతో సిద్ధంగా ఉండేవాడు. అమ్మ పెళ్లిళ్లూ ఆటలూ వాతావరణమూ వదిలేసి, ఎవడు ఎవడి నోటిదగ్గర కూడు లాక్కున్నాడో ఆ వార్తలే ఏరి పైకి చదివేది. రెండో వార్తకి మొగుడి చెవులు ఎర్రబడేవి. మూడోదానికి పొయ్యి రాజుకునేది.

ఆ పొయ్యి కట్టె ఎరగదు, గ్యాసు ఎరగదు. ఆయన కోపం మీదే రొట్టె కాలేది. వీధిలో వాళ్లు దాన్నో విడ్డూరంగా ఏమీ చెప్పుకోలేదు. "ఇవాళ భలే కాలిందే, పేపర్లో ఏం పడిందేమిటి?" అని అడిగి రొట్టె పట్టుకెళ్లేవాళ్లు.

కాలేందుకు ఎంతసేపో ఆయన గడియారంలో చూసుకోలేదు. జపమాల చెప్పడం పూర్తయ్యేసరికి రొట్టె దిగాలి. మంగళ, శుక్రవారాల్లో జపమాలలో దుఃఖ రహస్యాలు, అంటే క్రీస్తు పడ్డ బాధలు తలుచుకోవాలి. దేవుని కుమారుణ్ణి కొరడాలతో కొట్టే చోట ఆయన గొంతు ఆగిపోయేది, రొట్టె అడుగు మాడిపోయేది. మాడిన అడుగు ఇష్టపడేవాళ్లు ఆ రెండు రోజులూ చూసుకుని వచ్చేవాళ్లు.

శనివారం సాయంత్రం గుడికెళ్లి పాపసంకీర్తనం చేసేవాడు. చెప్పుకునేది ఒక్కటే పాపం, కోపం. ఫాదర్ గారు అక్కడ క్షమించగానే ఇక్కడ పొయ్యి చల్లబడేది. అందుకే ఆదివారం దుకాణానికి సెలవు. కొత్తగా వచ్చిన ఫాదర్ గారొకరు ఉత్సాహం కొద్దీ రోజూ వచ్చి చెప్పుకోమన్నారు. వారమంతా ఎవరికీ రొట్టె లేదు. అమ్మ విసవిసా గుడికి నడిచింది.

"ఫాదర్ గారూ, మా ఆయన పాపాలు వారానికోసారి ఉతికితే చాలండి. రోజూ ఉతికితే మనిషే చిరిగిపోయేలా ఉన్నాడు."

ఇంతా చేసి, ఇంట్లో ఎవర్నీ పల్లెత్తు మాట అన్న మనిషి కాదు. పెళ్లాం కాళ్లు నొప్పులంటే గిన్నెలు తనే తోమేవాడు. పిల్లలకి జ్వరమొస్తే మంచం పక్కన మోకాళ్ల మీదే తెల్లవార్లూ ఉండేవాడు. ఆ కోపమంతా గడప దాటాకే. ఒకప్పుడు పిండిమిల్లు యజమాని పిండిలో సుద్దపొడి కలిపి అమ్మితే, తిన్న పిల్లలు కడుపులు పట్టుకుని మెలికలు తిరిగారు. రొట్టెలాయన బస్తా భుజానేసుకుని వెళ్లి మిల్లు గుమ్మంలో కుమ్మరించాడు. "నువ్వు తిను, నేను చూస్తా" అన్నాడు. వాడు తినలేదు. మిల్లు తలుపు రంగు మాత్రం పొక్కులు పొక్కులుగా లేచింది. ఎన్నిసార్లు రంగు వేయించినా ఆ పొక్కులు పోలేదు.

అలా ఎనభై దాటేదాకా మండి, చివరికి మంచాన పడ్డాడు. ఫాదర్ గారు వచ్చి చివరి ఘడియల్లో రాసే అవస్థ అభ్యంగన తైలం నుదుట రాశాక, పిల్లలిద్దర్నీ దగ్గరికి పిలిచాడు. "పొయ్యి ఎవరికి రాజుకుంటే దుకాణం వాళ్లది" అన్నాడు. సిలువ గుర్తు వేసుకుని కన్ను మూశాడు. పొయ్యి మంచులా అయిపోయింది.

ముందు పెద్దవాడు ప్రయత్నించాడు. తనకి రావలసిన ప్రమోషన్ ఎవడికో పోయిన సంగతి తలుచుకుని పళ్లు నూరాడు. పొయ్యి గోరువెచ్చనైంది. పక్కింటి పిల్లి వచ్చి అందులో ముడుచుకుని పడుకుంది. దాంతో ఆయనగారికి విసుగు పుట్టి, దుకాణాన్ని గోడౌను కింద మిల్లు యజమానికి ఇచ్చేస్తానని మాటిచ్చేశాడు.

చెల్లెల్ని ఎవరూ ప్రయత్నించమనలేదు. ఆమెని అందరూ మంచుగడ్డ అనే పిలిచేవాళ్లు. చిన్నప్పుడు అన్న తన బొమ్మ చెయ్యి విరగ్గొడితే అరవబోయింది. "ఇంట్లో ఒక పొయ్యి చాలే తల్లీ" అంది అమ్మ, నవ్వుతూనే. ఆ రోజు నుంచి వచ్చిన కోపాన్ని వచ్చినట్టే మింగేసింది. చదువు ఆపేసిన దగ్గర్నుంచి నాన్న పక్కన నిలబడి పిండి పిసికింది. ఆ దుకాణం పోతే ఆమెకి ఇంకో పనీ రాదు, ఇంకో చోటూ లేదు. అది కూడా మింగేసింది.

సంస్మరణ పూజ శుక్రవారం పడింది. పూజ అయ్యాక అందరూ దుకాణంలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. పెద్దవాడు తాళంచెవి తీసి మిల్లు యజమాని చేతిలో పెట్టాడు. ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు.

"మహానుభావుడండీ. శాంతమూర్తి. ఇన్నేళ్ల పరిచయంలో నన్నొక్క మాట అని ఎరగడు. మా మిల్లు పిండంటే ఆయనకి ప్రాణం."

"ఆవులాంటి మనిషండీ మా నాన్న," అన్నాడు పెద్దవాడు.

చెల్లెలు టీ పళ్లెంతో అక్కడే నిలబడి ఉంది.

"ఏంటి అన్నయ్యా? మళ్లీ అను."

"ఏమన్నానే, మంచిగానే చెప్పాంగా."

"మన నాన్న ఆవా?" పళ్లెంలోని కప్పుల్లో టీ కుతకుతమంది. "ఈయన సుద్ద కలిపి అమ్మినప్పుడు ఆవే వెళ్లి గుమ్మంలో కుమ్మరించిందా?"

"పాత సంగతులెందుకమ్మా, పోనీలే," అన్నాడు మిల్లు యజమాని.

"ఆ సుద్ద తిన్నవాళ్లు మీ వెనక కుర్చీల్లోనే కూర్చున్నారండీ. పోనిద్దామా అని వాళ్లనడగండి. మీ తలుపు మీద పొక్కులు మా నాన్న చేసిన సంతకం. దాన్ని చెరపడం చేతకాక, ఇవాళ నోటితో చెరపడానికొచ్చారు."

వెనక కుర్చీల్లో ఎవరూ పోనిద్దామనలేదు.

"ఊరుకోవే, జనం చూస్తున్నారు," అన్నాడు అన్న.

"ఊరుకునే కదా ఇంతదాకా వచ్చింది. రోజూ పిండి పిసికింది నేను. ఒక్కరోజు, ఒక్కసారి, పొయ్యి ముందు నువ్వూ నిలబడు అన్నావా?"

"నీకు కోపమెక్కడిదే, మంచుగడ్డవి."

"ఎక్కడిదా? బొమ్మ దగ్గర్నుంచి లెక్కేసుకో."

పొయ్యి భగ్గుమంది. అలవాటుగా అందులో పడుకున్న పిల్లి ఒక్క గెంతున బయటపడి, కమిలిన మీసాలతో వీధిలోకి పరిగెత్తింది. మిల్లు యజమాని అరచేతిలో తాళంచెవి చురుక్కుమనడంతో కింద పడేశాడు. వంగి తీసుకోబోయి, వేళ్లు ఊదుకుని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. అది ఆమె వంగి తీసి, ఏమీ కానట్టు నడుముకి దోపుకుంది.

 మూల కూర్చున్న ముసలామె అడిగింది, "అమ్మాయ్, అయితే రేపు రొట్టె ఉన్నట్టేనా?"

"ఉంటుంది పెద్దమ్మా."

ఫాదర్ గారు మెల్లిగా దగ్గరికొచ్చారు. "రేపు శనివారం. పాపసంకీర్తనానికి వస్తావుగా, తల్లీ?"

ఆమె నోరు తెరిచేలోపు అమ్మే జవాబు చెప్పింది. "ఈ వారానికి వదిలెయ్యండి ఫాదర్ గారూ. చాలా రోజులుగా మూసున్న కొట్టు."

తెల్లవారుజామున అమ్మ లేచి, కళ్లద్దాలు తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని పేపరు విప్పింది. నాన్న జపమాల కూతురి మెడలో ఉంది.

"ఏది చదవమంటావే?"

"మడిచి పెట్టమ్మా. నిన్నటిదే ఇంకా బోలెడుంది."

శనివారం జపమాలలో సంతోష రహస్యాలు. అయినా రొట్టెల అడుగులన్నీ మాడిపోయాయి. ఎవరూ వెనక్కి తేలేదు.